దూబగుంట పాఠము: నెల్లూరుసీమ పల్లెస్త్రీల చరిత్రమున నొక ఘట్టము

ఆంధ్రదేశమున స్త్రీల అభ్యుదయచరిత్రమును వ్రాయువారు సామాన్యముగా కందుకూరి వీరేశలింగము పంతులుగారితో ప్రారంభించి, 1902లో బందరునందు వెలసిన బృందావన స్త్రీసమాజమును, భండారు అచ్చమాంబగారి రచనలను పేర్కొని, 1937లో చెన్నపురియందు దుర్గాబాయిగారు నెలకొల్పిన ఆంధ్రమహిళాసభతో ముగింతురు. ఆ చరిత్రము సత్యమే. కాని అది పట్టణముల చరిత్రము. అందలి పాత్రలు చదువుకొన్న కుటుంబముల స్త్రీలు. తెల్లవారుజామున లేచి, నాట్లు వేసి, కలుపు తీసి, ప్రొద్దుగూకువేళ కూలిడబ్బు కొంగున ముడివేసికొని యింటికి మరలు స్త్రీ ఆ చరిత్రమున ఇతరులచే ఉద్ధరింపబడవలసిన వ్యక్తిగా కనబడునేగాని తాను కార్యము నడపు వ్యక్తిగా కనబడదు. ఆమె స్వయముగా కర్త్రియై నిలిచిన ఘట్టములు లేకపోలేదు. తెలంగాణమున 1940వ దశకపు రైతాంగపోరాటము అట్టిది. 1991 మొదలు 1993 వరకు నెల్లూరు జిల్లా పల్లెలలో సాగిన సారావ్యతిరేకోద్యమము అట్టిదే.

ఈ రెండవ ఘట్టము రాజకీయచరిత్రకారులకు మాత్రమే విడిచిపెట్టదగినది కాదు. దానికి మూలమున నొక వాచకము కలదు. రాత్రిబడిలో స్త్రీలు ఒక పాఠమును చదివిరి. చదివి ఒక పని చేసిరి. ఆ పని మరల పాఠమయ్యెను. ఆ పాఠమును చదివిన వేరు గ్రామముల స్త్రీలు తామును అట్టి పనికి పూనుకొనిరి. చదువరులే కథానాయికలైన గ్రంథము లోకమున అరుదు. బడిపుస్తకములను వ్రాయువారును, వానిని బోధించువారును ఈ వృత్తాంతమును తెలిసికొనుట యుక్తము.

నెల్లూరుసీమకు స్త్రీల సంఘకార్యము క్రొత్తది కాదు. పెన్నానది యొడ్డున పల్లెపాడునందు 1921లో గాంధీమహాత్ముడు సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించినపుడు దానికి అండగా నిలిచినవారిలో పొణకా కనకమ్మగారు (1892–1963) ముఖ్యురాలు. 1923లో ఆమె నెల్లూరునందు బాలికలకై కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించెను. ఐనను ఆ కృషి ప్రధానముగా పట్టణమునందును, డెల్టా గ్రామములయందును వ్యాపించినది. జిల్లాకు పడమరనున్న మెట్టప్రాంతము, అనగా ఉదయగిరి, కలిగిరి మొదలగు తావులు, నీటివసతి లేనివి. అచ్చటి కూలిజనమునకు విద్యాలయముల వాసనయైనను సోకలేదు. 1991 జనాభాలెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశమున ఏడేండ్లు నిండిన స్త్రీలలో చదువను వ్రాయను నేర్చినవారు నూటికి 33 మంది లోపే. పల్లెలను వేరుగా తీసి చూచినచో ఆ సంఖ్య యింకను దిగిపోవును.

అక్షరములు చేరని ఆ పల్లెలకు సారా మాత్రము చేరినది. ఇది యెట్లు జరిగినదో కొంత వివరముగా చెప్పవలసియున్నది.

మద్యనిషేధము మద్రాసు రాజధానికి పాతకథ. రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937 అక్టోబరు 1వ తేదిని సేలము జిల్లాలో దానిని ప్రవేశపెట్టి, మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట అది రాజధాని యంతటను అమలైనది. ఆ నిషేధము పైనుండి దిగివచ్చినది. పల్లెస్త్రీని ఎవరును సంప్రదింపలేదు. 1960వ దశకము ముగియునాటికి ఆంధ్రప్రాంతమున దానిని ఎత్తివేసిరి. అప్పుడును ఆమెను ఎవరును సంప్రదింపలేదు. అటుపిమ్మట ఆబ్కారీశాఖ రాష్ట్రఖజానాకు కామధేనువయ్యెను. 1970 ప్రాంతమున సుమారు 39 కోట్ల రూపాయలుగా నున్న ఆబ్కారీ ఆదాయము 1991-92 నాటికి 812 కోట్లకు పెరిగెను. ధరల పెరుగుదలను తీసివేసి చూచినను ఇది సామాన్యమైన వృద్ధి కాదు.

ఈ వృద్ధికి తోడ్పడిన యేర్పాట్లు రెండు. మొదటిది వేలంపాట. ప్రతి సంవత్సరమును సారా అమ్ముటకు హక్కును సర్కారు వేలము వేయును. పాడుకొన్న కాంట్రాక్టరు తాను కట్టిన సొమ్మును రాబట్టుకొనుటకు గ్రామగ్రామమున దుకాణము తెరచును. రెండవది 1980వ దశకమున వచ్చిన వారుణివాహిని యను పథకము. దానివలన సారా సీసాలనుండి ప్లాస్టిక్ ప్యాకెట్లలోనికి మారినది. సీసాతో దుకాణమువద్ద నిలువవలెను. ప్యాకెట్టు జేబులో పట్టును, పొలముగట్టునకు వచ్చును, ఇంటివాకిటికిని వచ్చును. కిలో రెండు రూపాయల బియ్యమును 1983లో పేదలకిచ్చిన ప్రభుత్వమే ఈ పథకమును కూడ నడపినది. బియ్యమువలన ఇంట మిగిలిన రూపాయి సారాదుకాణమునకు పోయెను. ఆడుది తెచ్చిన కూలి సంసారమునకును, మగవాడు తెచ్చిన కూలి సారాకును అను పంపకము అనేకగృహముల ఆచారమైపోయినది. మగవాని కూలి చాలనినాడు ఆడుదాని కొంగుముడియును విప్పబడెను. త్రాగునీరు రాని ఊరికి సారా యెట్లు వచ్చుచున్నదని స్త్రీలు తరువాతి కాలమున అధికారులను నిలదీసి యడిగిన ప్రశ్న ఈ పరిస్థితినుండి పుట్టినదే. దానికి సమాధానము చెప్పిన అధికారి లేడు.

ఇట్టి పల్లెలకు 1991 ప్రారంభమున అక్షరదీపము వచ్చెను.

భారతప్రభుత్వము 1988లో జాతీయ సాక్షరతా సంస్థను స్థాపించినది. 1990లో కేరళమునందలి ఎర్నాకుళము దేశమున తొలి సంపూర్ణాక్షరాస్య జిల్లాగా ప్రకటింపబడగా, ఆ పద్ధతిని ఇతరజిల్లాలును అవలంబించినవి. నెల్లూరునందు జిల్లాకలెక్టరు నాయకత్వమున, జనవిజ్ఞానవేదిక మొదలగు స్వచ్ఛందసంస్థల తోడ్పాటుతో అక్షరదీపకార్యక్రమము నడచెను. మొదట కళాజాతలు ఊరూర తిరిగి పాటలు పాడి, నాటికలు ఆడి, జనమును పోగుచేసినవి. పిదప ఆయా గ్రామములకు చెందిన యువతీయువకులే జీతము లేక రాత్రివేళల చదువుచెప్పుటకు పూనుకొనిరి. వీధిదీపము క్రిందనో, గుడి అరుగుమీదనో, దళితవాడలో ఒకరి వాకిటనో ఈ బడులు సాగినవి. వాచకములు మూడుభాగములు; ఒక భాగమును ముగించిన పిదప మరియొకటి. వాని రచనలో పాటించిన పద్ధతి పూర్వపు బాలశిక్షల పద్ధతికి భిన్నమైనది. అక్షరములను వరుసగా వల్లింపజేయక, చదువరుల బ్రతుకునుండి ఒక మాటను తీసికొని, ఆ మాటనుగూర్చి మొదట మాటలాడించి, తరువాత దానిలోని అక్షరములను చూపుదురు. కూలి, నీరు, బావి, సారా: ఇట్టివి పాఠములకు విషయములు.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగియున్నది. పల్లెలో మగవారు కూడుటకు రచ్చబండ కలదు, టీ దుకాణము కలదు, సారాకొట్టు కలదు. స్త్రీలు కూడునది నీటిరేవుననో, కలుపుచేననో. అచ్చట చేతులకు పని ఉండును, మాట తెగుచుండును. పని లేక, తొందర లేక, ఊరిస్త్రీలు ముప్పదిమంది ఒక్కచోట ప్రతిరాత్రియు గంటసేపు కూర్చుండుట అను విషయము ఆ గ్రామములలో అంతకుముందు లేదు. మొగుడు అడిగినచో చదువుకొన బోవుచున్నానని చెప్పవచ్చును. కలెక్టరుగారే చదువుమన్నారు గనుక అడ్డుపెట్టుట కష్టము. వారక్కడ అక్షరములు ఎన్ని నేర్చిరో లెక్క కట్టినవారున్నారు. కాని వారు నేర్చిన ముఖ్యవిషయము ఆ లెక్కలకు చిక్కదు. తన యింట జరుగుచున్నదే ప్రక్కయింటను జరుగుచున్నదని, తాను తన కర్మమని తలచినది వీధియంతటికిని సమానమని, ప్రతి స్త్రీయు ఆ గంటలో తెలిసికొన్నది.

వాచకమునందు సీతమ్మకథ యను పాఠ మొకటి కలదు. సారావలన ఒక పేదస్త్రీ సంసారమునకు కలిగిన ఆపద దాని విషయము. దానిని వ్రాసినవారు దానివలన ఉద్యమము పుట్టునని ఊహించి వ్రాయలేదు. త్రాగుడు చెడ్డదని చెప్పు నీతిపాఠములు తెలుగువాచకములలో వెనుకటినుండియు ఉన్నవి. వానిని చదివి ఏ దుకాణమును మూతపడలేదు. సీతమ్మకథకు కలిగిన విశేషమేమన, దానిని బాలురు బడిలో వల్లింపలేదు. సీతమ్మవంటివారే చుట్టును కూర్చుండి చదివిరి. చదివిన తరువాత చర్చింపవలెనని పద్ధతి. చర్చించిన పిదప ఏమి చేయవలెనను ప్రశ్న తనంతట తానే వచ్చును.

ఆ ప్రశ్నకు కలిగిరి మండలమునందలి దూబగుంట గ్రామస్త్రీలు 1991లో సమాధానము చెప్పిరి. తరువాత అచ్చుపడిన పాఠమున ఆ కథ ఈ విధముగా నున్నది. నూరుమంది స్త్రీలు తమ ఊరికి సారా రానీయరాదని నిశ్చయించి బయలుదేరిరి. మొదట వారికెదురైనది సారా కాదు, కల్లుబండి. బండిని ఆపి, ఊరిలోనికి తేవలదని చెప్పి, అతనికి కలుగు నష్టమునకు తాము తలకొక రూపాయి వేసికొని ఇత్తుమనిరి. ఆ మాటకు అతడు బండిని మరలించుకొని పోయెను. తరువాత ప్యాకెట్లతో జీపు వచ్చినది. స్త్రీలు దానిని చుట్టుముట్టి, ఇచ్చట అమ్మినచో కలెక్టరునకు ఫిర్యాదు చేయుదుమని హెచ్చరించిరి. జీపును వెనుదిరిగినది. ఊరిలో దుకాణము మూతపడెను.

కథ యింతే. ఇందు వీరత్వపు ఆర్భాటమేమియు లేదు. ఐనను దాని క్రమము పరిశీలింపదగినది. మొదటి యెదుటివాడు తమవంటి పేదవాడు. అతని యెడ వారు చూపినది బెదరింపు కాదు, పరిహారము. పదిమందియు కలసి ఆడినమాట చెల్లునని అక్కడ వారికి తెలిసినది. ఆ తెలివితోనే రెండవవాని నెదుర్కొనిరి. వాడు కాంట్రాక్టరు మనిషి, వాని వెనుక డబ్బును బలమును కలవు. ధైర్యము ముందుండి పని జరిగినదనుటకంటె, చిన్నపని జరుగగా ధైర్యము కలిగినదనుట ఇక్కడ సత్యమునకు దగ్గర. స్త్రీలకు ఆత్మవిశ్వాసమును బోధింపవలెనని ఉపన్యసించువారు ఈ కల్లుబండి ఘట్టమును మరువరాదు.

ఈ కార్యమున ముందు నిలిచిన రోశమ్మ ఇంటిపేరు వర్ధినేని. కాని లోకమున ఆమెకు నిలిచిన పేరు దూబగుంట రోశమ్మ. సామాన్యముగా తెలుగుస్త్రీ పుట్టినయింటి పేరుతో పుట్టి, మెట్టినయింటి పేరుతో పోవును. రెండును పురుషులనుండి సంక్రమించినవే. తాను చేసిన పనివలన ఊరి పేరు ఇంటిపేరుగా వచ్చుట వాగ్గేయకారులకును, కవులకును కలిగిన గౌరవము. అది కూలిపనుల పల్లెలో ఒక స్త్రీకి కలిగినది. ఆమె 2016లో గతించెను.

దూబగుంటవారి చర్యను అక్షరదీపమువారు వదలలేదు. చదువు వెలుగు అను తరువాతి వాచకమున దానిని పాఠముగా చేర్చి, "ఆడవాళ్లు ఏకమైతే" అని పేరుపెట్టిరి. ఈ పేరు పండితులకొక చిన్న ప్రశ్నను కల్పించుచున్నది. గ్రాంథికవ్యావహారికవివాదము గిడుగు రామమూర్తిపంతులుగారి (1863–1940) కాలమున ఎంత తీవ్రముగా సాగినదో అందరును ఎరుగుదురు. నాటి గ్రాంథికవాదులలో అనేకులు, వాడుకభాషలో వ్రాసినది నిలువదనిరి. ఈ పాఠము "స్త్రీలైకమత్యము వహించినచో" అని ప్రారంభమైయుండినచో రాత్రిబడిలో దాని గతి యేమైయుండెడిదో ఊహింపవచ్చును. చదివినవారు దానిని తమ మాటగా తీసికొనిరి. అది నినాదమై గోడలకెక్కెను. నిలుచుటయనగా ఏమియో దీనినిబట్టి మరల విచారింపవలసియున్నది.

సారావర్తకులు ఈ పాఠమునెడ ఆగ్రహించిరి. సర్కారు సొమ్ముతో అచ్చువేసిన పుస్తకము సర్కారు ఆదాయమునకే గండికొట్టుచున్నదని వారి వాదము. తర్కమునకు ఆ వాదము సరియైనదే. ఒకే ప్రభుత్వము ఒక చేతితో అక్షరములను, మరియొక చేతితో ప్యాకెట్లను పంపుచుండెను. రెండుచేతులును ఒకే వాకిట కలసికొన్నవి.

1992లో పాఠము తన పని చేసెను. ఆ యేడు జిల్లా పల్లెలలో స్త్రీలు గుంపులుగా దుకాణములమీదికి పోయి ప్యాకెట్లను నేలపాలు చేసిరి. ఊరిమొగదల వంతులవారిగా కాపలాకాసిరి. త్రాగివచ్చిన భర్తకు అన్నము పెట్టమనిరి. చేతనున్న ఆయుధములు చీపురుకట్టలు, కారపుపొడి. కొన్నియెడల త్రాగుబోతులకు గుండు గీయించి గాడిదపై ఊరేగించిరి. ఈ చివరి చర్యను మెచ్చుకొనినవారే యెక్కువ. అయితే గుండు గీయించి ఊరేగించుట పూర్వము గ్రామపెత్తందారులు స్త్రీలపైనను, తక్కువకులముల వారిపైనను ప్రయోగించిన శిక్ష. పీడితులు చేతికందిన శిక్షనే యెత్తుకొందురు. దానిని చరిత్రకారుడు దాచరాదు, పొగడను రాదు. ఉద్యమములో అధికసంఖ్యాకులు దళితులు, వెనుకబడిన కులములవారు, కూలిజనము. ఒక ఊరికి మరియొక ఊరు ఆజ్ఞలిచ్చుట లేదు, కేంద్రకార్యాలయము లేదు. రాజకీయపక్షములును, పట్టణమహిళాసంఘములును తోడు వచ్చినమాట నిజము. ఈనాడు పత్రిక ప్రతిదినమును వార్తలను ప్రకటించి ఒక జిల్లాలోని కార్యమును రాష్ట్రమంతటికిని తెలియజేసినమాటయు నిజము. కాని వారందరును బయలుదేరిన బండి నెక్కినవారే.

అసలైన ఘర్షణము వేలంపాటవద్ద జరిగెను. స్త్రీలు నెల్లూరునకు వచ్చి కలెక్టరు కచేరిని చుట్టుముట్టి పాట జరుగనీయకపోయిరి. పాట పలుమార్లు వాయిదాపడెను. ఆ స్త్రీలలో పెక్కుమంది అంతకుముందు జిల్లాపట్టణమును చూచినవారు కారు. వైద్యమునకో, తిరునాళ్లకో వచ్చినవారు కొందరు. ఇప్పుడు అర్జీ చేతబట్టి, దానిపై తమ పేరు తామే వ్రాసి వచ్చిరి. వేలముపాటను ఆపుట వలన సర్కారునకు కలిగిన నష్టము దుకాణము పగులగొట్టుట వలన కలుగునదానికంటె అనేకరెట్లు పెద్దది. ఈ రహస్యమును, అనగా సారా దుకాణము నందు కాక కచేరిలో పుట్టుచున్నదను సంగతిని, పల్లెస్త్రీలు ఏడాదిలోపల కనుగొనుట ఉద్యమమున నెల్ల గొప్పవిషయముగా తోచుచున్నది. 1992 అక్టోబరు వరకు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నున్న నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు నెల్లూరు జిల్లావారే యగుటచే ఆ కచేరి వాకిటి కేకలు రాజధానికి త్వరగానే వినబడినవి.

ఫలితము ఇట్లున్నది. కోట్ల విజయభాస్కరరెడ్డిగారి ప్రభుత్వము 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారాను నిషేధించెను. సేలములో మొదటి నిషేధము వచ్చిన దినమును అక్టోబరు 1వ తేదియే. నడుమ 56 సంవత్సరములు. 1994 డిసెంబరు ఎన్నికలలో సంపూర్ణమద్యనిషేధమును వాగ్దానము చేసి నందమూరి తారకరామారావుగారు గెలిచిరి. 1995 జనవరిలో అది అమలునకు వచ్చినది. వారుణివాహిని ఆయన తొలిపాలనాకాలపుదే యనునది అప్పటికి ప్రజలు మరచిరో, మన్నించిరో. రెండేండ్లు నిండిన కొలదికాలమునకే, 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము ఖజానాలోటును, దొంగరవాణాను చూపి నిషేధమును సడలించెను. సారానిషేధము మిగిలినది, విదేశీమద్యమనబడునది తిరిగివచ్చెను. కచేరి వాకిట కూర్చున్న స్త్రీల నెవరును ఈసారియు అడుగలేదు.

దీనినిబట్టి ఉద్యమము విఫలమైనదని వ్రాసినవారు కలరు. సారాయే దాని సర్వస్వమైనచో వారి మాట సగము ఒప్పుకొనవలసినదే. అక్షరాస్యతయే దీనికి కారణమని అధికారులును, ఆకలియు దెబ్బలును కారణములుగాని అక్షరములు కావని మరికొందరును వాదించిరి. ఈ వాదమును పరీక్షించుటకు అక్షరములు లేని మరియొక తావును చూడవలెను.

తెలంగాణమున, అప్పటి మెదకు జిల్లా జహీరాబాదు ప్రాంతమున, పస్తాపూరు కేంద్రముగా 1983లో దక్కను డెవలప్‌మెంటు సొసైటీ యను సంస్థ ఏర్పడినది. దాని ప్రోత్సాహమున పల్లెపల్లెను దళితస్త్రీల సంఘములు వెలసినవి. వారికి కేంద్రమైనది వాచకము కాదు, విత్తనము. బీడుపడిన చెలకలను బాగుచేసి జొన్న, సజ్జ, కొర్ర, కంది మొదలగు పంటలను కలిపి పండించిరి. ఇంటింట విత్తనములను దాచి మార్చుకొనిరి. తమ ధాన్యముతో తమ ఊరిపేదలకు తామే పంపిణీ నడపిరి. వారిలో అధికులు సంతకము నేర్వనివారు. ఐనను కెమెరాలు పట్టి చిత్రములు తీసిరి. 2008లో మాచనూరునుండి సంఘం రేడియో యను పేర తమ ప్రసారకేంద్రమును నడపనారంభించిరి. చదువురాని స్త్రీలు రేడియో నడపుట చూచినపుడు, నెల్లూరునందు పని చేసినది కేవలము అక్షరము కాదని ఒప్పుకొనక తప్పదు. రెండుచోట్లను సమానముగా నున్నది ఒక్కటే: స్త్రీలు క్రమముగా ఒకచోట కూర్చుండుటయు, కూర్చున్నప్పుడు ఒక చేయదగిన పని వారిముందుండుటయు. నెల్లూరునందు అక్షరము ఆ కూర్చుండుటకు సాకైనది. జహీరాబాదునందు విత్తనము సాకైనది. అయితే కచేరికి అర్జీ వ్రాయవలసివచ్చినపుడు అక్షరము సాకుగా నుండక ఆయుధమైనదనుటయు మరువరాదు.

సంఘమను మాట సయితము తన చరిత్రమును వెంటబెట్టుకొని వచ్చినది. బౌద్ధుల కాలమున అది భిక్షువుల సమూహము. 1940వ దశకపు తెలంగాణపల్లెలలో సంఘమనగా ఆంధ్రమహాసభ. నేడు తెలుగుపల్లెలో ఆ మాట విన్నవారు ముందుగా తలచునది స్త్రీల పొదుపుసంఘమునే. ఈ అర్థపరిణామము నెల్లూరునుండియే చాలవరకు ప్రారంభమైనది.

సారా ఆగిన పిమ్మట నెల్లూరు స్త్రీలు రాత్రిబడినుండి ఇండ్లకు పోయి ఊరకుండలేదు. సారాకు పోవు రూపాయి మిగిలినది. దానినేమి చేయవలెనను ప్రశ్నకు పొదుపులక్ష్మి యను కార్యక్రమము సమాధానమైనది. దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టి, ఆ నిధినుండి అవసరము కలిగినవారికి తామే అప్పిచ్చుకొనుట దాని పద్ధతి. గ్రామస్త్రీలకై డ్వాక్రా పథకము 1982లోనే కేంద్రప్రభుత్వముచే ప్రారంభింపబడినది. ఐనను పైనుండి ఏర్పరచిన ఆ సమూహములు కాగితములమీద నున్నంతగా ఊళ్లలో ఉండలేదు. సారా ఉద్యమము తరువాతనే వానికి ప్రాణము వచ్చెను. 1992లో నాబార్డు ప్రయోగముగా 500 స్వయంసహాయకబృందములను బ్యాంకులతో కలిపినది. తరువాతి దశాబ్దమున అట్టి బృందములు ఆంధ్రప్రదేశమున ఉన్నన్ని మరి యే రాష్ట్రమునను లేవు.

బృందమునందు పదిమొదలు ఇరువదిమంది వరకు సభ్యురాండ్రు. వారమునకో నెలకో ఒకమారు కూడుట, చాపమీద గుండ్రముగా కూర్చుండుట, పొదుపు సొమ్మును అందరియెదుట లెక్కించుట, అప్పు ఎవరికీయవలెనో అందరును మాటలాడి నిర్ణయించుట, తీర్మానాల పుస్తకమున వ్రాయుట: ఇవి చిన్నవిగా తోచును. వడ్డీవ్యాపారి వాకిట చేతులు కట్టుకొని నిలుచు అలవాటున్న స్త్రీ, అప్పు అడుగువారికిని ఇచ్చువారికిని నడుమ తానే కూర్చుండుట చిన్నవిషయము కాదు. సంఘనాయకురాలు బ్యాంకునకు పోయి మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుండుట మొదట ఊరికొక వింత. పిదప అది వింత కాలేదు.

ఈ కథకు చీకటివైపును కలదు. 2000లో పేదరికనిర్మూలనసంస్థ ఏర్పడి, వెలుగు పథకము ప్రపంచబ్యాంకు ఋణముతో నడచి, సంఘములపై గ్రామసంఘము, దానిపై మండలసమాఖ్య, దానిపై జిల్లాసమాఖ్య అని అంతస్తులు కట్టబడినవి. ప్రభుత్వమును నిలదీయుటకు కూడిన స్త్రీలే క్రమముగా ప్రభుత్వపథకములకు వాహకులైరి. సభలకు జనము కావలసినప్పుడు కబురు ముందుగా సంఘములకే పోయెను. మరియొకవైపు, పదిమంది పూచీపడుదురు గనుక అప్పు మునగదని గ్రహించిన ప్రైవేటు సూక్ష్మఋణసంస్థలు పల్లెలలో ప్రవేశించి అధికవడ్డీలకు అప్పులు గుప్పించినవి. వసూళ్ల ఒత్తిడికి తాళలేక ప్రాణములు తీసికొన్నవారి వార్తలు వెలువడిన మీదట, 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సుతో వారిని కట్టడిచేసెను. కల్లుబండివానికి తలకొక రూపాయి ఇత్తుమన్న పరస్పరపూచీయే ఇక్కడ పొరుగింటి స్త్రీని పొరుగింటి స్త్రీయే తలుపుతట్టి పీడించు సాధనమైనది. ఒకే గుణము రెండువిధముల పనిచేయుటకు కారణము వెదుకువారు, మొదటిచోట పూచీని స్త్రీలే తలచి వేసికొనిరనియు, రెండవచోట బయటివారు రూపొందించి తెచ్చిరనియు గమనింపవలెను.

ఈ విషయమున పరిశోధకులకు మిగిలియున్న పని ఒకటి కలదు. ప్రభుత్వపు ఉత్తర్వులు, పత్రికల వార్తలు, విద్వాంసుల వ్యాసములు దొరకును. పల్లెస్త్రీలు స్వయముగా విడిచిన లిఖితము మాత్రము సంఘముల తీర్మానాల పుస్తకములలో నున్నది. వానిలో భాష సంక్షిప్తము, తప్పులు మెండు, లెక్కలు వ్రాయువారు మారినప్పుడెల్ల చేతివ్రాతయు మారును. ఎవరికి అప్పు ఏ కారణమున ఇచ్చిరో, ఎవరు సమావేశమునకు రాలేదో, ఎవరి తగవు ఎట్లు తీర్చిరో అందు కలదు. రాగిశాసనములను, తాళపత్రములను వెదకి తెచ్చిన సంఘములకు ఇవి అయోగ్యములు కావు. కాగితము పలుచనిది, పుస్తకము నిండినపిదప దానిని దాచువారరుదు. చెదలు త్వరగా పట్టును. తీర్మానము క్రింద వరుసగా పేర్లుండును: కొన్ని సంతకములు, కొన్ని వేలిముద్రలు, వేలిముద్రకు ప్రక్కన మరియొకరు వ్రాసిన పేరు.